ఎలాగూ ఊడిపోయే పాలపన్నే కదా, పుచ్చితే వైద్యం చేయించాలా?

చేయించాలి, ముఖ్యంగా దవడ పాలపళ్లకు. ముందు పళ్లు 6–7 ఏళ్లకే ఊడతాయి కానీ, దవడ పాలపళ్లు 10–12 ఏళ్ల దాకా ఉండాలి. అన్నం నమలడం ఒక్కటే కాదు, కింద తయారవుతున్న శాశ్వత పన్నుకు చోటు కాపాడటం కూడా వాటి పనే.

ఏడేళ్ల పాపకు కింది రెండో దవడ పాలపన్ను పుచ్చి, తీసేశారనుకోండి. దాని వెనకాలే ఆరేళ్లప్పుడు వచ్చిన పెద్ద దవడ పన్ను మెల్లగా ఆ ఖాళీలోకి ఒరుగుతుంది. 11 ఏళ్లకు రావలసిన పన్నుకు దారి మూసుకుపోయి అది చిగురులోనే ఇరుక్కుంటుంది, లేదా వంకరగా పక్కకి వస్తుంది. తర్వాత క్లిప్పుల ఖర్చు, టెన్షన్. అందుకే వీలైతే ఫిల్లింగ్‌తోనో, పిల్లల రూట్ కెనాల్‌తోనో పన్ను నిలబెడతారు. తీయక తప్పకపోతే స్పేస్ మెయింటెయినర్ అనే చిన్న తీగ కట్టు వేస్తారు.

చాలామంది పొరబడేది ఆ ఆరేళ్ల పన్ను దగ్గరే. ఏ పన్నూ ఊడకుండా చివర్లో కొత్తగా వస్తుంది కాబట్టి దాన్నీ పాలపన్నే అనుకుంటారు. నిజానికి అది శాశ్వత పన్ను. పోతే మళ్లీ రాదు.