బొంత మీదికి డిజైన్ కావాలంటే ముందు వాకిట్లో చూడు

అమ్మీ,

బొంతకు మూడు పొరలూ కలిపి టాకాలు వేసి పెట్టుకున్నాను, మీద ఏం కుట్టాలో తోచక నాలుగు రోజులుగా ఫోన్లో వెతుకుతున్నానని రాశావు. ఆ ఫోన్ కాసేపు పక్కన పెట్టు. నువ్వు బొమ్మ బాగుందా లేదా అని చూస్తున్నావు. గీత ఎక్కడ మొదలై ఎట్లా తిరిగి ఎక్కడికి పోతుందో చూడాలి. పెన్సిల్ అయితే ఎత్తి ఇంకో చోట పెడతాం, మిషన్ సూదిని ఎత్తితే ప్రతిసారీ దారం తెంచాలి, ముడి వేయాలి. నేను కొత్తలో ఒక నెమలి బొమ్మ చూసి ముచ్చటపడి కుట్టాను, ఒక్కో ఈక విడివిడిగా ఉండేది. పురి పూర్తయ్యేసరికి అడుగున దారం కొసలు గడ్డిలా వేలాడాయి, రెండు ఉతుకులకే ఊడడం మొదలైంది, చాలా ఏడ్చాను.

అప్పటినుంచి నాకు మెలికల ముగ్గే దిక్కు. రేపు పొద్దున మీ వీధిలో ఎవరైనా వేసిన మెలికల ముగ్గు దగ్గర కూర్చుని ఒక చోట వేలు పెట్టి గీత వెంబడే పోయి చూడు. కొన్నిట్లో ముగ్గంతా తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తావు, కొన్నిట్లో సగంలోనే వచ్చేస్తావు, అంటే అందులో రెండో మూడో గీతలున్నట్టు. దీనికో లెక్కుంది. పక్క చుక్కల మధ్య ప్రతి సందులోనూ గీతలు ఒకదాన్నొకటి దాటేట్టు వేస్తే, వరసకు 4 చుక్కల చొప్పున 3 వరసలు పెట్టినప్పుడు ముగ్గంతా ఒకటే గీత. అదే 3 వరసల్లో వరసకు 3 చుక్కల చొప్పున పెడితే మూడు గీతలవుతాయి. పలక మీద వేసి చూసుకో, 4, 3 చుక్కలది దారం తెంచకుండా అయిపోతుంది.

అంచుకు మాత్రం లేపాక్షికి పోవాల్సిందే, హిందూపురం నుంచి 15 కిలోమీటర్లే కదా. అందరూ నందినీ వేలాడే స్తంభాన్నీ చూసి వచ్చేస్తారు, నువ్వు అక్కడి గుడిలోని లతా మండపంలో ఒక పూట ఉండు. స్తంభాలకు చెక్కిన తీగల్లో నీకు నచ్చిన ఒక్కటి చాలు, నోటుబుక్కులో చేత్తో గీసుకో. ఫోటో తీస్తే కన్ను మర్చిపోతుంది, గీస్తే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలు కూడా చూడు, బొమ్మ నగలంతా చిల్లులే. మగ్గం పనివాళ్ళు ట్రేసింగ్ పేపర్‌కు సూదితో చిల్లులు పొడిచి పొడి అద్దినట్టే, నువ్వు కూడా తీగను గుడ్డ మీదికి దించుకోవచ్చు.

ఒక మాట గట్టిగా చెప్తున్నా, ఒక మూల వత్తుగా, ఇంకో మూల పలచగా కుట్టొద్దు, వత్తుగా కుట్టిన చోట బొంత ముడుచుకుపోయి పక్కన ఉబ్బుతుంది. పెద్ద ముగ్గు మధ్యలో ఖాళీ మిగిలితే చిన్న మెలికలతో నింపు.

సూది కింద గుడ్డను ముందుకు లాగే మిషన్ పళ్ళు కిందికి దించు, అప్పుడే గుడ్డను ఎటంటే అటు తిప్పగలవు, దించే వీలు లేని పాత మిషనైతే వాటిని కప్పే ప్లేట్ బిగించు. అసలు బొంత ముట్టుకునే ముందు అడుగు చదరం ముక్క మీద కుట్టి, దాని వెనక వైపు ఫోటో పంపు. ముందు వైపు వద్దు, వెనక చూస్తేనే నాకు దారం టెన్షన్, అంటే బిగువు, ఎట్లుందో తెలుస్తుంది.

నీ పెద్దమ్మ