అడుగున్నర మాట, మూరెడు మాట

సందేహం: మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ల ఉగాది ఆహ్వానం నేనే రాశాను. చివర ‘భవదీయాగమనాభిలాషులం’ అని పెట్టాను. చదివిన ఒకాయన ‘మరీ సెస్క్విపిడేలియన్‌గా ఉంది’ అన్నారు. ఇది పొగడ్తా, తెగడ్తా? దీన్ని తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, విల్లివాక్కం, చెన్నై

సమాధానం: తెగడ్తేనమ్మా, కాకపోతే సున్నితమైనది. పొడవాటి మాటలతో బరువెక్కిన రాతను అలా అంటారు. ఎక్కువగా మాట్లాడేవాళ్లను అనరు, వాగుడు వేరు.

ఇది లాటిన్ మాట. ‘సెస్క్వి’ అంటే ఒకటిన్నర. అందులో ఉన్నవి ‘అర’, ‘కూడా’ అనే రెండు ముక్కలే. మన ‘అడుగున్నర’లో అడుగూ అరా కలిసినట్టే. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయానికి 2007లో నిండిన నూట యాభై ఏళ్లను ఇంగ్లీషులో చెప్పాలన్నా ఈ ‘సెస్క్వి’యే కావాలి. ఇక ‘పెడ్’ అంటే పాదం. సంస్కృతంలోని ‘పాద’, ‘పద’ దానికి చుట్టాలు. మన ‘పదం’ అడుగూ అవుతుంది, మాటా అవుతుంది. ఆ పోలిక చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

‘అడుగున్నర మాటలు’ అన్నది రోమన్ కవి హొరేస్, క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో. విషాద నాటకంలో పాత్ర పేదరికంలో, ప్రవాసంలో ఉన్నప్పుడు చూసేవాళ్ల గుండెను తాకాలంటే, ఆడంబరాన్నీ ఈ అడుగున్నర మాటలనూ విసిరేయాలి అన్నాడాయన. ఇంగ్లీషులోకి పదిహేడో శతాబ్దంలో వచ్చింది.

తెలుగులో ‘దీర్ఘసమాసభూయిష్టం’ అనవచ్చు గానీ, ఆ మాటకే ఆ జబ్బుంది! మనకు ఇంతకంటే మంచిది చేతిలోనే ఉంది. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా ఒక మూర, అంటే సుమారు అడుగున్నర. మీరు సాయంత్రం మల్లెపూలు కొనేటప్పుడు పూలమ్మి ‘ముళం’ అని చేత్తో కొలుస్తుందే, ఆ తమిళ మాటా మన మూరా ఒకే వేరువి. కాబట్టి ‘మూరెడు మాటలు’ అనండి. కొలతతో సహా సరిపోతుంది.

ఒక జాగ్రత్త. అక్షరాలు ఎక్కువైనంత మాత్రాన మూరెడు మాట కాదు. ‘చెప్పలేకపోతున్నానంటున్నాడు’లో పదకొండు అక్షరాలున్నాయి, అయినా బడికెళ్లే పిల్లాడు తడబడకుండా అనేస్తాడు. మీ ‘భవదీయాగమనాభిలాషులం’లోనూ పదకొండే. దాన్ని మాత్రం పెద్దవాళ్లు కూడా ఆగి, విడగొట్టుకుని చదవాలి. వచ్చే ఉగాదికి ‘మీరంతా తప్పకుండా రావాలి’ అని రాయండి.