బరంపురంలో బండి చవకా, పన్ను చవకా?

ప్రశ్న: మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. సొంత వాడకానికి డబుల్ క్యాబ్ ఫోర్ బై ఫోర్ పికప్ కొనాలనుకుంటున్నాను. విశాఖ షోరూంలో 70 వేల యాక్సెసరీల ప్యాక్ తీసుకుంటే వెంటనే ఇస్తామంటున్నారు, లేదంటే మూడు నెలలు ఆగమంటున్నారు. బరంపురంలో ఆన్‌రోడ్ ధర రెండు లక్షలు తక్కువ. అక్కడున్న మా బావగారి అడ్రస్ మీద కొనేయవచ్చా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడే రిజిస్టర్ చేయించాలన్నది చట్టం. ఒడిశా నంబరుతో 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే ఆంధ్ర నంబరు తీసుకోక తప్పదు. అప్పుడు లోన్ ఇచ్చిన బ్యాంకు అనుమతి, అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), మన లైఫ్ ట్యాక్స్ అన్నీ కావాలి. అక్కడ కట్టిన పన్ను వెనక్కి రాబట్టుకోవడం వేరే తిరుగుడు.

జీఎస్టీ దేశమంతా ఒకటే. ఒడిశాలో లైఫ్ ట్యాక్స్ మనకన్నా తక్కువ, మీ రెండు లక్షల్లో పెద్ద భాగం అదే అయి ఉంటుంది. రెండు కొటేషన్లలోనూ లైఫ్ ట్యాక్స్ కొట్టేసి మిగతావి కూడండి. బండి 10 లక్షలు దాటింది కనుక పడే 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడు డీలరు మీ దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా తీసేయండి. అది రిటర్నులో సర్దుబాటవుతుంది, బిల్లులో మీ పాన్ సరిగా పడితే చాలు. ఇక మిగిలిన తేడాయే అసలు లాభం. అది 30 వేలు దాటితే బరంపురంలోనే కొనండి, కానీ ఇన్‌వాయిస్ పలాస అడ్రస్‌తో రావాలి. ఫారం 21 (అమ్మకం పత్రం), ఫారం 22 (బండి రోడ్డుకు తగినదన్న కంపెనీ పత్రం), బీమా, తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో బండి తెచ్చుకుని ఇక్కడ పన్ను కట్టి నంబరు వేయించుకోండి. అంతకన్నా తక్కువైతే ఆ శ్రమ దండగ.

యాక్సెసరీల సంగతి ఇంకా ముఖ్యం. 70 వేలూ లోన్‌లో కలిపితే 9.5 శాతం వడ్డీకి 60 నెలల్లో సుమారు 88,200 కడతారు. ప్యాక్‌లో ఏ వస్తువు ఎంతో విడివిడిగా రాయించుకుని, మ్యాట్లు, సీటు కవర్ల వంటివి బయటి ధరతో పోల్చండి. బీమా షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. అదే ఐడీవీ (బీమాలో బండికి కట్టే విలువ), అదే జీరో డిప్రిసియేషన్‌తో (క్లెయిములో విడిభాగాల అరుగుదల కోయని కవర్) బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే వాళ్లే దిగుతారు. ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ ఆర్టీవోకు వెళ్లేవి కావు, తీసేయమనండి.

నాకైతే మూడు నెలలు ఆగడమే మేలనిపిస్తుంది, చేతిలో బండి ఉంటే. అయితే బుకింగ్ ఫారాల్లో సాధారణంగా డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని ఉంటుంది. బుకింగ్ రద్దయితే అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి. డబ్బంతా కట్టే ముందు ఛాసిస్ నంబరు, తయారైన నెల చూడండి. జనవరిలో కొన్న బండి నిరుటి తయారీదైతే అమ్మేటప్పుడు ఏడాది పాతదిగానే లెక్కగడతారు.