ముందు ఆ నొప్పుల మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 46. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. కొబ్బరి తోటల్లో పని చేస్తాను. బీపీ, షుగర్ లేవు. రాత్రిళ్లు మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నానని నాలుగు నెలల క్రితం రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9 వచ్చింది. కాళ్ల వాపు, ఆయాసం ఏమీ లేవు. పని ఎక్కువైన రోజు సాయంత్రం ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చే మాత్ర వేసుకుంటాను, అంతే. మా నాన్న డయాలిసిస్ మీద ఉండి చనిపోయారు. రోజుకు ఐదు లీటర్ల నీళ్లు తాగితే క్రియాటినిన్ తగ్గుతుందా? కొండపిండి ఆకు రసం తాగమంటున్నారు, తాగొచ్చా? టమాటా, పాలకూర మానేయాలా?

జవాబు: మీరు నీళ్ల గురించి, ఆకు రసం గురించి, కూరల గురించి అడిగారు. నాకు మాత్రం ‘మాత్ర వేసుకుంటాను, అంతే’ అన్న ముక్క దగ్గరే కళ్లు ఆగిపోయాయి. అదేం మాత్రో మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియదు. షాపులో స్ట్రిప్‌లోంచి రెండు కత్తిరించి ఇస్తారు, పేరున్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మామూలుగా అది డైక్లోఫెనాకో, అసిక్లోఫెనాకో, ఐబుప్రొఫెనో అయి ఉంటుంది.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే ప్రతి జల్లెడకూ రక్తం తెచ్చే సన్నని నాళం ఒకటి, తీసుకెళ్లేది ఒకటి ఉంటాయి. ఎండలో పని చేసి చెమట కారిపోతే ఒంట్లో నీరు తగ్గుతుంది, శరీరం రక్తనాళాలను బిగిస్తుంది. అప్పుడు కిడ్నీ తన వరకు ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలను తయారు చేసుకుని, రక్తం తెచ్చే నాళం మూసుకుపోకుండా చూసుకుంటుంది. నొప్పుల మాత్ర పని చేసేది ఈ పదార్థాల తయారీని ఆపడం ద్వారానే. నడుములో నొప్పి తగ్గుతుంది, అదే సమయంలో కిడ్నీకి వచ్చే రక్తమూ తగ్గుతుంది. కిడ్నీలు బాగున్నవాళ్లు ఎప్పుడో ఒకటి రెండు మాత్రలు వేసుకుంటే సాధారణంగా తట్టుకుంటారు. మీ సంగతి వేరు. క్రియాటినిన్ 1.9 ఉన్న మనిషి, రోజంతా చెమటోడ్చి, ఒంట్లో నీళ్లు లేని సాయంత్రం వేళ ఆ మాత్ర వేసుకోవడం కంటే చెడ్డ సమయం నాకు తోచడం లేదు. ‘సూది అయితే కడుపులోకి పోదు కదా డాక్టర్‌గారూ’ అని ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుని వచ్చేవాళ్లు నాకు వారానికి ఇద్దరైనా తగులుతారు. మందు అదే. చేరేది ఆ రక్తంలోకే.

ఇక ‘వాపు లేదు, ఆయాసం లేదు’ అన్నారు. మీకు ధైర్యం ఇస్తున్న ఆ మాటే నన్ను కంగారు పెడుతోంది. ఒక్కో కిడ్నీలో అటూఇటూగా పది లక్షల జల్లెడలు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, లీటరున్నరో రెండో మూత్రంగా వదిలి, మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయి. పెళ్లి పంక్తిలో వడ్డించేవాళ్లు పదిమందిలో నలుగురు వెళ్లిపోయారనుకోండి. మిగతా ఆరుగురు పరుగులు పెట్టి వడ్డిస్తారు, తినేవాళ్లకు తేడా తెలియదు. కిడ్నీలోనూ అంతే. కొన్ని జల్లెడలు పాడైతే మిగిలినవి ఎక్కువ రక్తం వడకడతాయి. అందుకే దాదాపు సగం సామర్థ్యం పోయేదాకా క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు. ఏళ్ల తరబడి ఆ అదనపు బరువు మోసి మోసి, మిగిలినవీ గట్టిపడి పనికిరాకుండా పోతాయి. మొదట దెబ్బ తీసిన కారణం ఆగిపోయినా జబ్బు ముందుకు సాగేది ఇందువల్లే. మీ వయసులో మగవారికి 1.9 అంటే వడపోత వేగం, అంటే ఈజీఎఫ్ఆర్, లెక్కకు సుమారు 43 వస్తుంది. 90 పైన ఉండాల్సింది.

అయితే ఒక్క రిపోర్టు పట్టుకుని మీకు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని నేను అనను. కనీసం మూడు నెలల పాటు తేడా ఉంటేనే ఆ మాట అనాలి. పరీక్ష చేయించిన వారంలో మాత్రలు వేసుకున్నారేమో, ఒంట్లో నీరు తగ్గి ఉందేమో. అలాగైతే కొంత వెనక్కి వచ్చే అవకాశమూ ఉంది. మీరు నాలుగు నెలలు ఊరుకోకుండా మరోసారి చేయించి ఉంటే ఈపాటికి తేలిపోయేది. నాన్నగారిని డయాలిసిస్‌కు తిప్పిన మీరు ఇంత ఆలస్యం చేయకుండా ఉండాల్సింది.

రాత్రిళ్లు లేవడం గురించి. ప్రొస్టేట్, షుగర్ వల్ల కూడా అలా అవుతుంది కాబట్టి అవీ చూడాలి. షుగర్ లేదన్నారు, ఎప్పుడు చూపించుకున్నారో రాయలేదు. కానీ కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే మీ ఉద్దానం ప్రాంతపు మనిషి ఇలా రాస్తే నేను ముందు కిడ్నీ గొట్టాల గురించే ఆలోచిస్తాను. వడకట్టిన నీటిని వెనక్కి లాగి మూత్రాన్ని చిక్కబరిచేవి అవే. అవి దెబ్బతింటే మూత్రం పలచబడి, రాత్రి కూడా ఎక్కువ తయారవుతుంది. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో సాధారణంగా జల్లెడ ముందు చెడి ప్రొటీన్ కారుతుంది. మీ ప్రాంతంలో కనిపించే జబ్బు ఎక్కువగా గొట్టాలను, వాటి చుట్టూ ఉండే కణజాలాన్ని పట్టుకుంటుంది. ప్రొటీన్ పెద్దగా పోదు, బీపీ చాలాకాలం మామూలుగా ఉండొచ్చు, వాపూ రాదు. వాపు వచ్చాక చూద్దామంటే చాలా ఆలస్యమైపోతుంది.

కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లు, ఎండ, పురుగుమందులు, వంశం, నొప్పుల మాత్రలు అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీల్లో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతుల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. ఈ జాబితాలో మీరు ఇవాళే వదిలించుకోగలిగింది మాత్ర ఒక్కటే.

ఐదు లీటర్లు తాగితే క్రియాటినిన్ కడుక్కుపోదు. పని రోజుల్లో దాహం వేసే దాకా ఆగకుండా మధ్యమధ్యలో తాగండి, మూత్రం ముదురు పసుపు రంగుకు రాకుండా చూసుకోండి. పోటీ పెట్టుకుని తాగొద్దు. కిడ్నీ బాగా తగ్గినవాళ్లకు ఎక్కువ నీళ్లు కూడా ప్రమాదమే. కొండపిండి ఆకు మనవాళ్లు రాళ్లకు వాడతారు. మీ సమస్య రాళ్లని రిపోర్టు ఏదీ చెప్పడం లేదు, కాబట్టి వద్దు. భస్మాలు అసలే వద్దు, కొన్నిటిలో సీసం, పాదరసం ఉంటాయి.

టమాటా, పాలకూర సంగతి పొటాషియం చూశాక. అది మామూలుగా ఉంటే అన్నీ మానేసి నీరసపడక్కర్లేదు. మీరు అడగనిది ఒకటుంది: కొబ్బరి నీళ్లు. తోటలో దాహానికి అవే తాగుతుంటారు కదా. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది, అదీ ముందస్తు హెచ్చరిక లేకుండా. రిపోర్టు వచ్చేదాకా బోండాలు పక్కన పెట్టండి.

మాత్రలు ఆపేసి, ఈ వారంలోనే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, బైకార్బొనేట్, షుగర్, హిమోగ్లోబిన్, మూత్రంలో ప్రొటీన్, కిడ్నీల అల్ట్రాసౌండ్ చేయించండి. హిమోగ్లోబిన్ ఎందుకంటారా? రక్తం తయారు చేయమని ఎముక మజ్జకు కబురు పంపే హార్మోన్ కిడ్నీలోనే పుడుతుంది. అది తగ్గితే నీరసం వస్తుంది, మీరేమో పని ఎక్కువైందనుకుంటారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మీకు దగ్గరే. నెఫ్రాలజిస్టుకు ఒకసారి చూపించుకోండి. మిమ్మల్ని పరీక్షించకుండా నేను మందు రాయలేను. ఈలోగా ఒళ్లు నొప్పులకు కాపడం పెట్టుకోండి. తప్పదంటే పారాసెటమాల్ ఒక్కటే, అదీ మోతాదు డాక్టర్‌ను అడిగి. ఇంకేదీ కలపని పారాసెటమాల్ అని షాపులో గట్టిగా చెప్పండి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లకూ ఓసారి క్రియాటినిన్ చూపించండి. రిపోర్టులు పంపేటప్పుడు ఆ మాత్ర పేరు కూడా షాపులో కనుక్కుని రాయండి.