పక్క లైన్లోని కెపాసిటర్ సంగతి

చి. బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

సిరీస్ కెపాసిటర్లున్న జంట లైన్ల మీద నీ స్టెబిలిటీ స్టడీలో నువ్వు పంపిన రోటర్ యాంగిల్ గ్రాఫు (జనరేటర్ రోటర్ గ్రిడ్‌కంటే ఎంత కోణం ముందుందో చూపేది) చూశాను. ఒక లైన్లో త్రీ ఫేజ్ ఫాల్ట్ (మూడు ఫేజులూ షార్టవడం) పెట్టావు, 100 మిల్లీసెకన్లకి ఆ లైను ట్రిప్ చేశావు, మెషీను రెండు ఊపులు ఊగి కుదురుకుంది. సంతోషం. మరి ఆ 100 మిల్లీసెకన్లూ కెపాసిటర్ మీద వోల్టేజి ఎంతుందో చూశావా? చూసి ఉండవులే. నా మొదటి స్టడీలో నేనూ చూడలేదు.

అదీ నీ లైను లాంటిదే. 400 కేవీ, 300 కిలోమీటర్లు, ట్విన్ మూస్ (ఫేజుకి రెండేసి ‘మూస్’ రకం తీగలు), రియాక్టెన్సు సుమారు 100 ఓములు, అందులో 40 శాతం కాంపెన్సేషన్, అంటే అంత రియాక్టెన్సుని సిరీస్ కెపాసిటర్ రద్దు చేస్తుంది. ఫాల్ట్ ఉన్నంతసేపూ కెపాసిటర్‌ని మైనస్ 40 ఓములుగానే ఉంచేశాను. రిపోర్టు చూసిన పెద్దాయన పెన్సిల్ తీసి, మార్జిన్లో 12 × 40 అని రాసి కాగితం నా వైపు తిప్పారు. ఫాల్ట్ కరెంటు 12 కిలో ఆంపియర్లు, కెపాసిటర్ 40 ఓములు, దాని మీద 480 కిలోవోల్టులు. ఫేజుకీ నేలకీ మధ్య ఉండేదే 231! నాకు చెవులు కాలిపోయాయి.

2000 ఆంపియర్ల కెపాసిటర్ బ్యాంకు అనుకుంటే మామూలుగా దాని మీద ఉండేది 80 కేవీ. దానికి 2 నుంచి 2.5 రెట్లు దాటకుండా, కెపాసిటర్‌కి సమాంతరంగా కట్టిన ఎమ్‌ఓవీ (మెటల్ ఆక్సైడ్ వారిస్టర్) పట్టి ఉంచుతుంది. కరెంటు పెరిగేకొద్దీ నీ 40 ఓములు కరిగిపోతాయి, బదులుగా కాస్త రెసిస్టెన్సు చేరుతుంది. ఆర్‌ఎంఎస్ ప్రోగ్రాంలో (తరంగాన్ని క్షణక్షణం కాక దాని పరిమాణాన్నే లెక్కేసేది) దీన్ని చూపించడానికి 1987లో గోల్డ్స్‌వర్దీ అనే ఇంజనీరు ఇచ్చిన సమానార్థక మోడల్ ఉంది, అది వాడు.

ఫాల్ట్ పడ్డ లైను ఎలాగూ పోతుంది, దాని కెపాసిటర్ గురించి ఏడవక్కర్లేదు. నువ్వు కాచుకోవలసింది పక్కన బాగున్న రెండో సర్క్యూట్‌ని. దాని ఎమ్‌ఓవీ బయటి ఫాల్ట్‌ని ఓర్చుకోవాలి, కెపాసిటర్‌ని పక్కకు తప్పించే బైపాస్ బ్రేకరు మూసుకోకూడదు. రెండు చివరలా 400 కేవీ నిలబడిందనుకుని లెక్కెయ్యి: మిగిలిన ఆ ఒక్క లైను మీద 1500 మెగావాట్లు పోవాలంటే, కెపాసిటర్ ఉంటే యాంగిల్ 34 డిగ్రీలు. బైపాస్ అయితే 70. ఇక ఊగడానికి చోటేది? అందుకే ఎమ్‌ఓవీ ఎనర్జీని మెగాజూల్స్‌లో కూడబెట్టుకుంటూ పో, బైపాస్ సెట్టింగు దాటుతోందేమో చూడు. ఫాల్ట్‌ని సబ్‌స్టేషన్ బస్‌బార్ దగ్గరే పెట్టి ఊరుకోకు, లైను పొడుగునా జరుపు.

సింగిల్ ఫేజ్ ఫాల్ట్‌కి మాత్రం ఆర్‌ఎంఎస్‌ని నమ్మకు. మూడు ఫేజుల ఎమ్‌ఓవీలు మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. మన ప్లానింగ్ క్రైటీరియా 400 కేవీ లైన్లో చూడమనే వరస ఇది: సింగిల్ పోల్ ఓపెనింగ్ (ఫాల్ట్ పడ్డ ఫేజునే తెరవడం), ఒక సెకను డెడ్ టైము (ఆగే సమయం), రీక్లోజ్ (మళ్లీ మూయడం) ఫలించక మూడు పోల్సూ ఓపెన్ అవడం. ఇదంతా ఈఎంటీలోనే (తరంగాన్ని క్షణక్షణం లెక్కేసే ప్రోగ్రాంలో) నడపాలి. స్టెప్పు 20 మైక్రోసెకన్లు పెట్టుకో. ఫాల్ట్ పడే క్షణాన్ని కూడా వేవ్ మీద అటూ ఇటూ జరిపి చూడు. రాత్రంతా నడుస్తుంది, నడవనీ.

ఇంకోటి. సోర్సు వైపు 20 ఓములు కలిపితే నీ సర్క్యూట్ సహజ ఫ్రీక్వెన్సీ సుమారు 29 హెర్ట్జ్, రోటర్‌కి అది 21గా (50 లోంచి 29 పోగా) కనిపిస్తుంది. టర్బైన్ షాఫ్ట్ టోర్షనల్ మోడ్ (షాఫ్ట్ మెలితిరుగుతూ ఊగే సహజ ఫ్రీక్వెన్సీ) ఆ దరిదాపుల్లో ఉంటే స్టెబిలిటీ గ్రాఫు ఎంత అందంగా ఉన్నా దండగ. అమెరికాలో నెవాడాలోని మొహావీ ప్లాంటులో 1970 డిసెంబరులో, మళ్లీ 1971 అక్టోబరులో జనరేటర్ షాఫ్ట్‌లు దెబ్బతిన్నది ఈ సిరీస్ కెపాసిటర్ల తాకిడికే. లైన్లు పోగా పోగా మెషీను ఒక్క కాంపెన్సేటెడ్ లైనుకి వేలాడే కేసు ఏదో వెతికి పట్టుకో.

ఈసారి రోటర్ యాంగిల్ గ్రాఫు పంపకు. రెండో సర్క్యూట్ కెపాసిటర్ వోల్టేజీ, ఎమ్‌ఓవీ ఎనర్జీ ఒకే పేజీలో పంపు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తాను.

మీ మామయ్య