కృత్రిమ కాలు కొనే ముందు ఒకసారి కూర్చోబెట్టి చూడండి

షుగర్ వల్ల మీ మావయ్యగారికి మోకాలి కింద కాలు తీసేశారు, రెండు లక్షల కాలు పెట్టిస్తే మామూలుగా నడుస్తారని షాపువాళ్లు అంటున్నారు, అంత పెట్టాలా అని కదా మీరు అడిగింది. పెట్టకండి. కనీసం ఇప్పుడే పెట్టకండి. మా నాన్నకి మేం పెట్టాం, లక్షా అరవై వేలు, అందులో సగం అమ్మ గొలుసు తాకట్టు పెట్టి తెచ్చింది. ఆ కాలు ఇప్పుడు బీరువా వెనక ఉంది. నాన్న నడుస్తున్నారు, కానీ వేరే కాలుతో.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు ఊరు. నాన్న టైలరు, నలభై ఏళ్లుగా తొక్కుడు మిషనే. కొట్లో కింద పడ్డ సూది కుడి అరికాల్లో దిగింది, షుగర్‌తో పాదాల్లో స్పర్శ పోయి ఉండటంతో రెండు రోజుల దాకా ఆయనకే తెలియలేదు. చీము ఎముక దాకా పోయింది, చివరికి మోకాలి కింద జానెడు ఉంచి తీసేశారు. ఆసుపత్రిలో కళ్లు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట, "మిషను తొక్కగలనా?"

పెద్ద ఊళ్లో షాపులో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. కార్బన్ పాదం, ఒంటి రంగు తొడుగు, రెండు కమ్మీల మధ్య ఇరవై అడుగులు నడిపించి వీడియో తీశారు, మేమంతా ఏడ్చేశాం. ఇంటికొచ్చి మిషను ముందు స్టూలు మీద కూర్చున్నాక తెలిసింది. కాలు పెట్టే గిన్నెలాంటి భాగం ఉంటుంది చూడండి, సాకెట్ అంటారు, దాని వెనక అంచు ఎత్తుగా ఉంది. మోకాలు వంచగానే వెనక నరాల దగ్గర కోసుకుపోయేది. అరగంటకే పుండు. నడిచినప్పుడు బాగానే ఉండేది, కానీ టైలరు రోజంతా కూర్చుని పని చేసే మనిషి కదా! ఫోన్ చేస్తే తీసుకురండి అంటారు, వెళ్తే ఒక రాత్రి రైలు, లాడ్జి, రెండు రోజుల పని పోవడం. మూడోసారి అడిగితే సర్వీసు ఛార్జి అన్నారు.

తర్వాత ఎవరో చెబితే బరంపురంలో ఒక టెక్నీషియన్ దగ్గరికి వెళ్లాం. చిన్న గది, ప్లాస్టర్ పొడి, ఓ మూల మొండికాళ్ల అచ్చులు వరసగా. ఆ అబ్బాయి ఒడియాలో మొదట అడిగిందే, "మౌసా (బాబాయ్), మీరేం పని చేస్తారు?" నాన్న చెప్పారు. వెంటనే పక్క గదిలోంచి స్టూలు తెచ్చి, కింద ఇటుక పెట్టి, ఇదే మీ పెడల్ అనుకుని తొక్కండి అన్నాడు. అంచు ఎక్కడ గుచ్చుకుంటోందో పెన్సిల్‌తో గీశాడు. తర్వాత ప్లాస్టర్‌తో కొత్త అచ్చు తీసి, వేడిచేసిన ప్లాస్టిక్‌ని దాని మీద సాగదీసి సాకెట్ చేశాడు. వెనక అంచు ఒక వేలు మందం కోసి, వేడిగాలి గన్నుతో మెత్తబరిచి బయటికి వంచాడు. నాన్న మొండికాలికి లిప్‌స్టిక్ లాంటిది పూసి లోపల పెట్టించి నిలబెట్టాడు, తీశాక సాకెట్ లోపల రంగు ఎక్కడ అంటుకుందో అక్కడ ఒత్తిడి ఎక్కువన్నమాట. మోకాలిచిప్ప కింద ఉండే గట్టి పట్టీలాంటి స్నాయువు బరువు మోయగలదట, ముందు ఎముక అంచు, పక్కనుండే చిన్న ఎముక తల మోయలేవట. ఆ చోట్ల మళ్లీ వేడి పెట్టి కొంచెం ఉబ్బించాడు. సాయంత్రానికి నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు పెట్టాడు. నాన్న స్టూలు మీద పావుగంట ఇటుక తొక్కి, కాలు తీసి తడుముకుని, "ఇది నా కాలేరా బాబూ" అన్నారు.

పాదం మామూలు జైపూర్ పాదమే. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, రామచంద్ర శర్మ అనే చేతిపని కళాకారుడు కలిసి చేసింది. రబ్బరు, చెక్క ముక్క కలిపి అచ్చులో పెట్టి వేడితో గట్టిపరుస్తారు. బూటు అక్కర్లేదు, ఒట్టి పాదంతో గుళ్లోకి వెళ్లొచ్చు, తడి వాకిట్లో తిరగొచ్చు, మఠం వేసుకుని భోంచేయొచ్చు. సేఠీగారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. మన ఇళ్లు, మన అలవాట్లు చూసి చేసిన పాదం అది, అందుకే నాకు దాని మీద అంత నమ్మకం. మోకాలి పైన తీసేసినవాళ్ల సంగతి వేరు, వాళ్లకి మంచి మోకాలు జాయింటు కావాలి, అక్కడ డబ్బు తేడా చూపిస్తుంది. మోకాలి కిందయితే మాత్రం నా మాట నమ్మండి, సాకెట్ సరిచేసే మనిషి దగ్గర్లో ఉన్నాడా లేడా అన్నదే అసలు విషయం.

ఇక్కడే మా సరిహద్దు వాళ్ల గోడు చెప్పకుండా ఉండలేను. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. విశాఖలో బంధువులున్నారు, కానీ అక్కడి ప్రభుత్వ ఉచిత వైద్య పథకానికి (ఆరోగ్యశ్రీ అనేవాళ్లం) ఆంధ్రా కార్డు కావాలి. మా ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఇలాంటి కాళ్లు చేసే పెద్ద కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, కానీ కాలు లేని మనిషిని అంతదూరం ఎన్నిసార్లు తిప్పుతాం? 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గీసిన సరిహద్దు గీత ఇప్పటికీ మా నాన్న మోకాలికే తగులుతోంది. వ్యాయామాల కాగితం ఒడియాలో ఇచ్చారు, నాన్నకి తెలుగు తప్ప చదవడం రాదు, నేనే క్యాలెండర్ వెనక తెలుగులో రాసి గోడకు అంటించాను. వికలాంగుల సర్టిఫికెట్ కోసం వెళ్తే ఆ గది మేడ మీద! ప్రభుత్వ భవనాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రాసి ఉంది. నాన్న కూర్చుని ఒక్కో మెట్టూ చేతులతో ఎక్కారు. ఆ రోజు వచ్చిన కోపం నాకింకా తగ్గలేదు.

ఇక మీ మావయ్య సంగతి. కాలు తీసిన మొదటి ఏడాది మొండికాలు సన్నబడుతూనే ఉంటుంది. అందుకే ఇప్పుడే ఖరీదైన సాకెట్ కొంటే కొన్ని నెలలకే వదులై కాలి మీద గిరగిరా తిరుగుతుంది. నాన్న మొండికాలికి మొదట ఒక సాక్సు, తర్వాత మూడు సాక్సులు, ఆ తర్వాత కొత్త సాకెట్. పొద్దున బిగువుగా ఉన్నది సాయంత్రానికి వదులవుతుంది, ఇంకో సాక్సు తొడిగితే సరిపోతుంది, దానికి టెన్షన్ పడకండి. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకం కింద ఆదాయాన్ని బట్టి ఉచితంగానో తక్కువకో ఇస్తారు, ముందు అది అడగండి. కృత్రిమ కాలు విప్పాక చర్మం మీద ఎరుపు పావుగంటలో పోకపోతే మర్నాడు ఆ కాలు పెట్టనివ్వకండి. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి తెలియకపోవచ్చు, మా అమ్మ రోజూ రాత్రి టార్చి వేసి చూస్తుంది, మొండికాలే కాదు, రెండో పాదం కూడా. ఆ పాదానికి ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు కొనండి, ఇంట్లో కూడా వేసుకోమనండి.

నాన్న ఇప్పుడు రోజుకి రెండు జాకెట్లు కుడుతున్నారు. అసలు తొక్కడం ఎడమ పాదంతోనే, కుడిది పెడల్ మీద ఆనించి ఉంచుతారు, అది దానంతటదే లేచి పడుతూ ఉంటుంది.

ఇంకొకటి, చాలామంది చేసే పొరపాటు. పడుకున్నప్పుడు హాయిగా ఉంటుందని మీ మావయ్య మోకాలి కింద దిండు పెడుతుంటే ఇవాళే తీసేయండి. మోకాలు అలా వంగి బిగుసుకుపోతే, ఏ కాలు పెట్టినా సరిగా నిలబడలేరు.