హైదరాబాద్‌లో జనం ఏ ఆటకు వస్తారు, ఏ ఆటకు రారు

ప్రశ్న: “అమెరికాలో కాలేజీ జట్ల ఆట చూడటానికి లక్షమంది వస్తారు. మన హైదరాబాద్‌లో ఐపీఎల్‌కు తప్ప రంజీకి గాని, ఫుట్‌బాల్‌కు గాని, యూనివర్సిటీ పోటీలకు గాని జనం ఎందుకు రారు? మనవాళ్లకు నిజంగా ఆటలంటే ఇష్టం లేదా? ఐపీఎల్ కాకుండా ఇక్కడ చూడదగ్గ ఆట ఏముంది?”

మనవాళ్లకు ఆటలంటే ఇష్టం లేదన్న మాటను నేను ఒప్పుకోను. చిన్నప్పటి నుంచి ఈ నగరంలో మైదానాల చుట్టూ తిరుగుతున్నవాడిగా నేను గట్టిగా చెప్పగలిగినది ఒక్కటే. ఆడేవాడికీ చూసేవాడికీ మధ్య ఏదో ఒక సంబంధం ఉండాలి. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివి ఉండాలి, లేదా ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఉండాలి, అదీ కాకపోతే ఒకే బస్తీలో పెరిగి ఉండాలి. ఆ సంబంధం ఉన్నచోటికి జనం పిలవకపోయినా వస్తారు. అది లేనిచోట ఎన్ని రంగు దీపాలు పెట్టినా వచ్చేది వినోదం కోసమే గాని జట్టు కోసం కాదు.

ఇందుకు నేను కళ్లారా చూసిన ఉదాహరణ చెబుతాను. 2024 డిసెంబర్ 31న రాష్ట్రాల ఫుట్‌బాల్ జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో జరిగింది. పశ్చిమ బెంగాల్, కేరళ తలపడ్డాయి. మా తమ్ముడి కొడుకును వెంటబెట్టుకొని వెళ్లాను. నగరమంతా కొత్త సంవత్సరం హడావుడిలో ఉంది కాబట్టి లోపల ఎవరూ ఉండరని అనుకుంటూ వెళ్లిన నాకు, మేము కూర్చున్న వైపు వరుసల్లో మలయాళం తప్ప మరో భాష వినిపించలేదు. నా పక్కన కూర్చున్న నడివయసు మనిషి లింగంపల్లి వైపు బేకరీ నడుపుతానని చెప్పాడు. బేకరీవాళ్లకు ఏడాది మొత్తంలో కేకులు అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయేది ఆ రాత్రే. అలాంటి రాత్రి గల్లాపెట్టెను బావమరిదికి అప్పగించి, చొక్కా జేబులో బిల్లు పుస్తకం అలాగే ఉండగా, ఆయన ఫుట్‌బాల్ చూడటానికి వచ్చి కూర్చున్నాడు. జేబులో ఫోన్ మోగినప్పుడల్లా తీసి చూసి, మాట్లాడకుండా మళ్లీ లోపల పెట్టుకునేవాడు. బంతి కేరళ ఆటగాళ్ల కాళ్ల దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అతనూ, అతని వెనుక ఉన్న కుర్రాళ్లూ ఆటగాళ్లను పేరు పెట్టి పిలిచేవారు. ఫలానా అబ్బాయిది తమ పక్క ఊరేనని, ఫలానావాడు తమ జిల్లా కాలేజీ జట్టులో ఆడినప్పటి నుంచి తెలుసునని నాకు చెబుతూ ఉన్నాడు.

తొంభై నిమిషాలూ గోల్ లేకుండానే గడిచాయి. అదనంగా ఇచ్చిన నిమిషాల్లో బెంగాల్ ఆటగాడు రాబీ హన్స్‌దా గోల్ కొట్టాడు. బెంగాల్ 1-0తో 33వ సారి ట్రోఫీ గెలుచుకుంది. మా వైపు వరుసలన్నీ ఒక్కసారిగా కూలబడ్డాయి. అవతల గుంపుగా ఉన్న బెంగాలీలు ఎగిరి గంతులు వేశారు. ఓడిపోయిన బాధలో ఉండి కూడా ఆ బేకరీ ఆయన లేచి నిలబడి బెంగాల్ కుర్రాళ్లకు చప్పట్లు కొట్టాడు. బయటికి వస్తున్నప్పుడు నన్ను అడిగాడు: “మీ జట్టు ఎక్కడిదాకా వచ్చింది అన్నా?” తెలంగాణ గ్రూపు దశలోనే ఆగిపోయిందని చెప్పాను. ఆ జట్టులో ఎవరెవరు ఆడారో చెప్పమంటే చెప్పగలిగినవాళ్లు ఆ రాత్రి స్టేడియంలో ఎందరు ఉన్నారో నాకు అనుమానమే. పోటీలు జరిగింది మన ఊళ్లో, ఫైనల్ జరిగింది మన స్టేడియంలో, కేకలు వేసినవాళ్లు మాత్రం తమ జట్టు ఏదో తెలిసినవాళ్లు.

ఇదే నగరం ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ నేర్పింది. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ భారత జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పెరిగినవాడే. ఆ విజయాల వెనుక ఉన్న ఏర్పాటును ఎవరూ పట్టించుకోరు. సిటీ పోలీసు జట్టు ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. పొద్దున మైదానంలో, ఆ తరువాత డ్యూటీలో ఉండేవారు. వారిని చూడటానికి వచ్చినవారికి వారు నాలుగు వీధుల అవతల కనిపించే మనుషులు.

క్రికెట్‌లోనూ అంతే జరిగింది. బ్యాంకులు, రైల్వే, ప్రభుత్వ రంగ సంస్థలు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చి లీగుల్లో జట్లను ఆడించిన కాలంలో, మా పెద్దనాన్న తన బ్యాంకు జట్టు మ్యాచ్ ఉందంటే మధ్యాహ్నం సెలవు పెట్టి మరీ వెళ్లేవారు. తన పక్క కౌంటరులో కూర్చునే మనిషి కొత్త బంతి వేస్తుంటే చూడకుండా ఎలా ఉంటారు? ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో 1986-87లో హైదరాబాద్ ఢిల్లీకే వెళ్లి ఢిల్లీని కాదని రంజీ ట్రోఫీ తెచ్చినప్పుడు, దాన్ని బస్తీ బస్తీలో తమ ఇంటి శుభకార్యంలా చేసుకున్నారు. అంతకు ముందు 1937-38లో ఒకసారి గెలిచాం, ఆ రెండే. ఇప్పుడు ప్రభుత్వం మహమ్మద్ సిరాజ్‌కు, నిఖత్ జరీన్‌కు డీఎస్పీ ఉద్యోగాలు ఇచ్చింది. సంతోషమే, వారు అందుకు అన్ని విధాలా అర్హులు. కాని ఆనాడు ఉద్యోగం ముందు వచ్చి దాని ఆసరాతో ఆట పెరిగేది, ఈనాడు ప్రపంచం గుర్తించిన తరువాత బహుమతిగా ఉద్యోగం వస్తోంది. ఇరవై ఏళ్ల వయసులో, ఇంట్లో జీతం వచ్చే దారి లేక ఆట మానేసిన కుర్రాడికి దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఇక ఐపీఎల్ సంగతి. నేను సన్‌రైజర్స్ అభిమానినే. 2016లో కప్పు గెలిచినప్పుడు తెల్లవార్లూ నిద్రపోలేదు. 2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబై మీద 277 పరుగులు చేసిన ఆట, 2025 ఏప్రిల్ 12న పంజాబ్ మీద అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టిన ఆట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అయినా ఒక మాట అడుగుతాను. చెన్నై జట్టు వచ్చిన రోజున ఉప్పల్ స్టేడియం సగానికి పైగా పసుపు రంగు వేసుకొని ధోనీ కోసం కేకలు వేస్తుంది. సొంత ఊళ్లో సొంత జట్టుకు ఇలా జరిగితే, ఆ జట్టుకూ ఊరికీ ముడి పడలేదనే అర్థం. పడుతుందని ఆశించడానికీ లేదు. ఈ ఊరి తిలక్ వర్మ ముంబై చొక్కాతో ఉప్పల్‌కు వస్తాడు. ఈ ఊరి ఆటోడ్రైవర్ కొడుకు సిరాజ్ 2025 ఏప్రిల్ 6న గుజరాత్ తరఫున వచ్చి, 17 పరుగులకే నాలుగు వికెట్లు తీసి హైదరాబాద్‌ను ఓడించాడు. ఆ రోజు స్టాండులో మా చుట్టూ ఉన్నవారు ప్రతి వికెట్‌కూ ముందు నారింజ జెండా దించేవారు, ఆ వెంటనే సిరాజ్ పేరు పెట్టి అరిచేవారు. అదే సిరాజ్ ఆ ఆగస్టులో ఓవల్ టెస్టు చివరి రోజున ఇంగ్లండ్‌ను ఆరు పరుగుల తేడాతో ఓడించినప్పుడు, ఎవరి వైపు ఉండాలన్న సందేహం ఈ ఊళ్లో ఒక్కరికీ రాలేదు. ప్రతి జట్టూ తన రాష్ట్రం నుంచి కనీసం నలుగురిని ఆడించి తీరాలని ఐపీఎల్ నిబంధన పెట్టాలన్నది నా దృఢమైన అభిప్రాయం. వేలంలో ధరలు పెరుగుతాయని, ఆట స్థాయి తగ్గుతుందని అనేవారి వాదనలు నేను విన్నాను. వాటిలో నాకు పస కనిపించలేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు కథ ఇంకా బాధాకరం. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేతగా నిలిచింది. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది కాబట్టి, మన ఊరి పేరు పెట్టుకున్న జట్టు దేశ విజేత అయిన ఏడాది మన ఊళ్లో ఒక్క ఆటా ఆడలేదు. తరువాత డబ్బు ఇబ్బందులు, జీతాల గొడవలు, ఆటగాళ్ల వలస. 2025లో జట్టు యాజమాన్యం మకాం ఢిల్లీకి మార్చింది, పేరు కూడా మార్చేసింది. ఊరికి ఏ వేరూ దిగని జట్టును ఎత్తుకుపోవడం అంత సులువు. సిటీ పోలీసు జట్టును అలా ఢిల్లీకి తీసుకుపోవడం ఎవరి తరమయ్యేది?

అమెరికా విషయానికి వస్తే, మా మేనల్లుడు ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ చదివింది రెండేళ్లే. అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు సగం ఇప్పటికీ అతనికి తెలియవు. అయినా 2025 జనవరి 20న తన కాలేజీ జట్టు నోటర్‌డామ్ కాలేజీ జట్టును 34-23తో ఓడించి జాతీయ విజేత అయినప్పుడు, ఇక్కడ మర్నాడు పొద్దున నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. ఆ యూనివర్సిటీ స్టేడియంలోనే లక్షకు పైగా జనం పడతారు, మిషిగన్‌లో 1,07,000 దాటుతారు. వారిలో చాలామంది ఆ కాలేజీలో చదివినవారు, లేదా వారి తల్లిదండ్రులో పిల్లలో చదివినవారు.

అయితే ఆ ఏర్పాటు కూడా ఇప్పుడు మారిపోతోంది. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కో కాలేజీయే నేరుగా, తొలి ఏడాదిలో 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు, ఆటగాళ్లకు పంచే వీలు కలిగింది. ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి మారడం చాలా తేలికయింది. 2025 సీజన్‌లో ఒక్క ఓటమీ లేకుండా విజేతగా నిలిచిన ఇండియానా జట్టు ప్రధాన ఆటగాడు ఫెర్నాండో మెండోజా కూడా కాలిఫోర్నియా యూనివర్సిటీ జట్టు నుంచి మారి వచ్చినవాడే. టీవీ డబ్బు కోసం, పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్ 2024లో అట్లాంటిక్ తీరం పేరున్న లీగులో చేరింది. ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. లక్షమంది టికెట్ కొని చూసే ఆటలో చెమటోడ్చేవాడికి ఏమీ ముట్టకపోవడం ఇన్నాళ్లూ జరిగిన అన్యాయం. కాని ఏటా జట్టు మొత్తం మారిపోయే పద్ధతి స్థిరపడితే అక్కడి స్టాండ్లు కూడా పదేళ్లలో పలచబడతాయి. ఇండియానా అభిమానులు మెండోజాను నెత్తిన పెట్టుకున్నారు కదా అంటారేమో. నిజమే, ఎందుకంటే చొక్కా మీద ఉన్నది వారు చదివిన కాలేజీ పేరు.

మన కాలేజీల్లో ఆ చొక్కాయే లేదు. నిజాం కాలేజీ మైదానంలో అంతర కళాశాలల ఫైనల్ అంటే నేను చదువుకునే రోజుల్లో గోడల మీద కూడా కూర్చొని చూసేవారు. అజారుద్దీన్ వంటి ఆటగాడు చదివిన కాలేజీ అది. ఇవాళ నగరంలో ఇంటర్ చదివే పిల్లల్లో ఎక్కువమంది ఐదంతస్తుల భవనాల్లో, మైదానం అన్నది కిటికీలోంచి కూడా కనిపించనిచోట చదువుతున్నారు. పొద్దున ఏడు నుంచి రాత్రి దాకా తరగతులు, స్టడీ అవర్లు. యూనివర్సిటీల మధ్య పోటీలకు వయోపరిమితి 17 నుంచి 25 ఏళ్లు. సరిగ్గా ఆ వయసుకు ముందు రెండేళ్లూ పిల్లల చేత బంతి వదిలించి, ఆ తరువాత యూనివర్సిటీ జట్టుకు ఆటగాళ్లు లేరని బాధపడటం ఏం న్యాయం?

మా అమ్మాయి డిగ్రీలో బాస్కెట్‌బాల్ ఆడింది. అంతర కళాశాలల పోటీల తేదీ ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో తెలిసేది. ఒకసారి తీరా వెళ్లేసరికి కోర్టులో ఏదో సంస్థ సభకు షామియానా వేసి ఉంది. పిల్లలు మరో కాలేజీకి ఆటోల్లో వెళ్లి, సాయంత్రం వెలుతురు తగ్గాక ఫైనల్ ఆడారు. వెలుతురు లేని ఆ కోర్టు చుట్టూ ఆ కాలేజీ హాస్టల్ అమ్మాయిలు వచ్చి నిలబడ్డారు. వారికి ఎవరూ చెప్పలేదు, కిటికీలోంచి తమ కాలేజీ చొక్కాలు కనిపించాయి, దిగివచ్చారు. వారంతా కలిసి చేసిన గోలకు మా అమ్మాయి జట్టు తడబడి ఓడిపోయింది. జనం రారని నాతో ఎవరైనా అంటే ఆ అమ్మాయిలను చూపించాలనిపిస్తుంది.

కాబట్టి ప్రభుత్వం, యూనివర్సిటీలు చేయవలసినది పెద్దదేమీ కాదు. మైదానం లేని కాలేజీకి అనుబంధ గుర్తింపు ఇవ్వకూడదు. పోటీల తేదీలు, వేళలు, చోట్లు నెల ముందే అందరికీ తెలిసేలా ప్రకటించాలి, ప్రకటించిన మైదానాన్ని సభలకు ఇవ్వకూడదు. ఫైనల్స్ ఆదివారం సాయంత్రం పెట్టాలి.

చూడదగ్గ ఆట ఏదని అడిగారు కదా. ముందుగా మీరు చదివిన కాలేజీకి ఫోన్ చేసి, వ్యాయామ అధ్యాపకులను ఈ ఏడాది ఏయే జట్లు ఉన్నాయో, ఎప్పుడు ఎక్కడ ఆడుతున్నాయో అడగండి. ఆ జట్టు ఏ ఆట ఆడుతుంటే అదే చూడండి. జట్టే లేదని వారు చెబితే, ఎందుకు లేదని ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాయండి, పూర్వ విద్యార్థుల చేత కూడా రాయించండి. రంజీ సీజన్‌లో ఉప్పల్‌కు వెళ్లండి. నేను వెళ్లినప్పుడల్లా గేటు దగ్గర టికెట్ అడిగినవారు లేరు. మీ పిల్లలను కూడా తీసుకెళ్లి, స్కోరు బోర్డు మీద ఉన్న మన కుర్రాళ్లలో ఎవరు ఏ బస్తీవారో, ఏ కాలేజీలో చదివారో వాకబు చేసి చెప్పండి.